ఉద్దానం కిడ్నీ అనుకున్న కేసులో ఒక అర్జినిన్

నేపథ్యం

శ్రీకాకుళం పట్టణంలో కిడ్నీ వైద్యం చేసేవారి దగ్గరకు ఉద్దానం ప్రాంతమైన కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల నుంచి వచ్చే రోగుల్లో చాలామంది తమ జబ్బు పేరు తామే చెప్పుకుంటూ వస్తారు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసే కుటుంబాల్లో ఒకరి తర్వాత ఒకరికి క్రియాటినిన్ (కిడ్నీ బయటకు పంపాల్సిన వ్యర్థం) పెరగడం ఇక్కడ తరతరాల అనుభవం కాబట్టి, వారు చెప్పే "ఉద్దానం కిడ్నీ" అన్న మాటను తోసిపుచ్చడానికి వైద్యుడికి సాధారణంగా కారణం ఉండదు. నీటిలోని సిలికా, ఎండలో ఒళ్లు అలిసేలా చేసే పని, నొప్పి మాత్రల వాడకం, భార లోహాలు వంటి అనుమానాలు చాలా ఉన్నా అసలు కారణం ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలైంది కూడా ఇందుకే.

ఈ జబ్బుకు ఒక లక్షణం ఉంది. మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, రక్తం కనిపించదు, రక్తపోటు చాలాకాలం మామూలుగానే ఉంటుంది. దెబ్బ తినేది వడపోత గుత్తులకంటే ముందు వాటి వెనకాల ఉండే సన్నని గొట్టాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం. అయితే సరిగ్గా ఇదే రూపంలో వచ్చే వంశపారంపర్య జబ్బులు కొన్ని ఉన్నాయి. వాటన్నిటినీ 2015లో ఆటోసోమల్ డామినెంట్ ట్యూబ్యులో ఇంటర్‌స్టీషియల్ కిడ్నీ డిసీజ్ అనే ఒకే గొడుగు కిందికి తెచ్చారు. కుటుంబంలో ఒకరి తర్వాత ఒకరికి రావడం, మూత్రం "శుభ్రంగా" ఉండడం రెండింటిలోనూ ఒకటే. ఉద్దానం నుంచి వచ్చిన రోగిలో ఈ రెండో గుంపును పసిగట్టాలంటే ఏదో ఒకటి లెక్కకు పొసగక మిగిలిపోవాలి. ఈ కేసులో అలా మిగిలిపోయింది మెగ్నీషియం.

కుటుంబం అనుమతితో రాస్తున్నాను. వయసు, ఊరు, వృత్తి వివరాలు కొంత మార్చాను. జన్యువులో మార్పు ఏ స్థానంలో ఉందో కూడా రాయడం లేదు. అంత అరుదైన మార్పును అంకెతో సహా రాస్తే ఆ ఇంటి తలుపు చూపించినట్టే.

వచ్చినప్పటి పరిస్థితి

ఇరవైల తొలి భాగంలో ఉన్న యువకుడు. వలస పని మీద వేరే రాష్ట్రంలో ఉండి, నీరసం, పిక్కలు పట్టేయడం ఎక్కువై ఇంటికి తిరిగొచ్చాడు. ఊళ్లో పెట్టిన శిబిరంలో క్రియాటినిన్ 1.9 మి.గ్రా. ఉందని తేలడంతో తల్లి మా దగ్గరకు తీసుకొచ్చింది. తండ్రి కొన్నేళ్ల క్రితం డయాలసిస్ మీద ఉండగా పోయాడు. తల్లికి సందేహమే లేదు: "ఆళ్ల నాన్నకొచ్చిందే ఈడికీ వచ్చినాది బాబూ, ఇంకా ఏటి చూడాల?"

మనిషి బక్కపలచన. రక్తపోటు మామూలే. వడపోత రేటు లెక్కిస్తే 50 దగ్గర వచ్చింది. మూత్రంలో ప్రోటీన్ లేశమాత్రం, రక్తకణాలు లేవు. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ కొంచెం చిన్నవిగా, తెల్లగా కనిపించాయి; ఒక్కో దాంట్లో రెండు మూడు చిన్న నీటి బుడగలు. ఇంతవరకు ఉద్దానం కథకు అడ్డొచ్చేది ఏదీ లేదు. చిన్న బుడగలు ఏ ముదిరిన కిడ్నీ జబ్బులోనైనా వస్తాయి.

అడ్డొచ్చినవి మిగిలిన రక్త పరీక్షలు. తిన్న తర్వాత చక్కెర 286, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల చక్కెర సగటు చెప్పే పరీక్ష) 9.4 శాతం. యూరిక్ ఆమ్లం 9.6. కాలేయపు ఎంజైములు కొద్దిగా ఎక్కువ. మెగ్నీషియం 1.1 మి.గ్రా.; కనీసం 1.7 ఉండాలి. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఒక సర్దుబాటు సమాధానం దొరుకుతుంది. చక్కెర ఈ రోజుల్లో ఎవరికి లేదు, కిడ్నీ తగ్గితే యూరిక్ ఆమ్లం పెరుగుతుంది, కాలేయానికి నాటుమందులు కారణం కావచ్చు, మెగ్నీషియానికి గ్యాస్ మాత్ర ఉంది. ఇన్ని సర్దుబాట్లు ఒకే మనిషికి చేయాల్సి వస్తే ఆ సర్దుబాట్లలోనే ఏదో తేడా ఉందని నా అభిప్రాయం.

మొదట చేసినవి, వాటి వెనక తర్కం

నొప్పి మాత్రలు మానిపించడం, నీళ్లు తాగే పద్ధతి సరిచేయడం ఎలాగూ చేయాల్సినవే. చక్కెర విషయంలో టైప్ 2 అనుకుని, క్లోమం నుంచి ఇన్సులిన్‌ను రాబట్టే గ్లిమెపిరైడ్ మాత్ర మొదలుపెట్టాం. ఇతను బక్కగా ఉన్నాడు, వయసు చిన్నది, కాబట్టి టైప్ 1 కావచ్చన్న అనుమానం ఉంది గానీ కీటోన్లు లేవు. ఫలితం చూసి మార్చుకునే వీలుంది. మెగ్నీషియం విషయంలో వరసగా మూడు ప్రశ్నలు వేసుకోవాల్సి వచ్చింది.

మొదటిది అతను వాడుతున్న గ్యాస్ మాత్ర, పాంటోప్రజోల్. మన జిల్లాలో ఏ చీటీ చూసినా పై వరసలో ఉండే మందు ఇది. నెలల తరబడి వాడితే పేగులో మెగ్నీషియం ఇంకడం తగ్గుతుంది. ఆపించాం. రెండోది అదుపులేని చక్కెర. మూత్రం ఎక్కువగా పోతుంటే దానితో మెగ్నీషియం కూడా పోతుంది. కాబట్టి చక్కెర తగ్గాక మళ్లీ చూడాలి. మూడోది కిడ్నీయే పారబోస్తోందా అన్నది. ఇక్కడ ఒక చిన్న తర్కం పనికొస్తుంది. కిడ్నీ పనితనం బాగా పడిపోయినవారిలో మెగ్నీషియం ఒంట్లో పేరుకుని పెరగాలి. మధ్యస్థంగా తగ్గినవారిలో మామూలుగా ఉండాలి. తగ్గడం కిడ్నీ జబ్బు సహజ స్వభావానికి ఎదురు. అంటే, కిడ్నీ వడపోత తగ్గడం ఒక సంగతి అయితే, మెగ్నీషియాన్ని వెనక్కి తీసుకునే గొట్టంలో లోపం మరో సంగతి.

ఏది పనిచేయలేదు

గ్లిమెపిరైడ్ మోతాదు పెంచుతూ పోయినా హెచ్‌బీఏ1సీ 9 కిందకు రాలేదు. గ్యాస్ మాత్ర ఆపి, మెగ్నీషియం మాత్రలు ఇచ్చినా రక్తంలో మెగ్నీషియం 1.2 దాటలేదు; మోతాదు పెంచితే విరేచనాలు. అప్పుడు ఒకే పూట రక్తం, మూత్రం తీసి, మూత్రంలో పోతున్న మెగ్నీషియం వాటాను లెక్కగట్టాం. ఒంట్లో మెగ్నీషియం తక్కువగా ఉన్నప్పుడు ఆరోగ్యవంతమైన కిడ్నీ ఆ వాటాను 2 శాతం లోపే ఉంచుతుంది. ఇతనికి 11 శాతం వచ్చింది. వడపోత తగ్గినవారిలో ఈ వాటా కొంత పెరుగుతుందన్నది నిజమే, కానీ ఆ పెరుగుదల రక్తంలో మెగ్నీషియాన్ని మామూలుగా నిలబెట్టడానికి జరిగేది. రక్తంలో నిల్వ పడిపోయి ఉండగా కిడ్నీ ఇంత వదిలేస్తోందంటే అది పారబోతే.

చక్కెర వైపు నుంచి కూడా అదే దిక్కు కనబడింది. టైప్ 1లో కనిపించే గ్యాడ్ యాంటీబాడీలు లేవు. ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సి-పెప్టైడ్ ఉంది గానీ తక్కువగా ఉంది. క్లోమం చూడాలనుకున్నాం. మామూలు స్కానింగ్‌లో గ్యాస్ అడ్డు వచ్చి తోక భాగం కనిపించదు. సీటీకి రంగు మందు ఇవ్వడం ఈ కిడ్నీకి మంచిది కాదనుకుని, రంగు మందు లేని ఎంఆర్ఐ చేయించాం. క్లోమం తల భాగం ఉంది, నడుము సన్నం, తోక దాదాపు లేదు. అది అరిగిపోయిన క్లోమం కాదు, పిండదశలో పూర్తిగా ఎదగని క్లోమం.

కిడ్నీ బుడగలు, మెగ్నీషియం పారబోత, యూరిక్ ఆమ్లం, కాలేయ ఎంజైములు, పొట్టి క్లోమం, చిన్న వయసులో చక్కెర: ఇవన్నీ ఒకే చోట కలిసే జన్యువు హెచ్‌ఎన్‌ఎఫ్1బి. 17వ క్రోమోజోము మీద ఉండే ఈ జన్యువు ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ను తయారుచేస్తుంది. అంటే తాను స్వయంగా పనిచేసే ఎంజైము కాదు. డీఎన్ఏ మీద తగిన చోట కూర్చుని ఇతర జన్యువులను పని మొదలుపెట్టించే ప్రోటీన్. దీని లోపం వల్ల వచ్చే మధుమేహాన్ని 1997లో గుర్తించారు. గుర్తులకు మార్కులు వేసి అనుమానాన్ని కొలిచే పట్టిక ఒకటి 2014 నుంచి వాడుకలో ఉంది. 8 వస్తే పరీక్ష చేయించమంటుంది. ఇతనికి అంతకంటే ఎక్కువే వచ్చింది.

బయాప్సీ గురించి చర్చ వచ్చింది. నేను వద్దన్నాను. ఉద్దానం జబ్బయినా, ఈ జన్యువు జబ్బయినా సూక్ష్మదర్శినిలో కనిపించేది అదే: గొట్టాల మధ్య మచ్చలు, వాడిపోయిన గొట్టాలు. రెండింటినీ విడదీయలేని పరీక్ష కోసం సూది గుచ్చడంలో అర్థం లేదు.

ల్యాబ్ జవాబు

పరీక్షల వరస కూడా ఆలోచించాల్సిన విషయమే. హెచ్‌ఎన్‌ఎఫ్1బి రోగుల్లో సుమారు సగం మందికి జన్యువులో అక్షరం మారడం కాదు, జన్యువు మొత్తం ఒక ప్రతి నుంచి మాయమై ఉంటుంది. మామూలు సీక్వెన్సింగ్‌లో మిగిలిన మంచి ప్రతి చదవబడి, అంతా బాగానే ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. అందుకని ముందు ప్రతుల సంఖ్య చెప్పే ఎంఎల్‌పీఏ పరీక్ష పంపాం. రెండు ప్రతులూ ఉన్నాయని వచ్చింది. తర్వాత సీక్వెన్సింగ్. హైదరాబాద్ నుంచి వచ్చిన నివేదికలో ఒక మార్పు ఉంది: హోమియోడొమైన్ (ప్రోటీన్‌లో డీఎన్ఏను పట్టుకునే ఒక భాగం) ఆరంభంలో ఉన్న ఒక అర్జినిన్ (ధనావేశం ఉన్న అమైనో ఆమ్లం) స్థానంలో విద్యుదావేశం లేని మరో అమైనో ఆమ్లం. పక్కనే "అర్థం తేలని మార్పు" అన్న వర్గీకరణ. కంప్యూటర్ అంచనాల్లో ఒకటి హానికరం అంది, ఒకటి హాని లేదంది, ప్రోటీన్ స్థిరత్వాన్ని లెక్కగట్టేది "ప్రభావం స్వల్పం" అంది.

ఇలాంటి నివేదిక చేతికొచ్చినప్పుడు వైద్యుడికి రెండు సులువైన దారులు ఉంటాయి. లక్షణాలు సరిపోయాయి కాబట్టి ఇదే కారణం అనేయడం ఒకటి. తేలలేదన్నారు కాబట్టి పక్కన పెట్టేయడం ఒకటి. రెండూ కుటుంబానికి నష్టమే, ఎందుకంటే ఈ ఒక్క వాక్యం మీద తల్లి కిడ్నీ దానం దగ్గర నుంచి పెళ్లి సంబంధం దాకా ఆధారపడి ఉన్నాయి. కాబట్టి ఆ అర్జినిన్ డీఎన్ఏ దగ్గర ఏం చేస్తుందో చూడాల్సి వచ్చింది.

అర్జినిన్ చేసే పని

డీఎన్ఏ మెలికలో రెండు గాళ్లు ఉంటాయి, ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. వెడల్పు గాడి అడుగున డీఎన్ఏ అక్షరాలైన ఎ, టి, జి, సిలలో ప్రతి అక్షరం అంచూ వేరువేరుగా బయటకు కనిపిస్తుంది. అర్జినిన్ అయితే జి అక్షరానికి, ఆస్పరజిన్ లేదా గ్లుటమిన్ అయితే ఎ అక్షరానికి రెండేసి హైడ్రోజన్ బంధాలతో అతుక్కోగలవని 1976లోనే ఊహించారు, తర్వాత వచ్చిన స్ఫటిక చిత్రాల్లో (అణువులను స్ఫటికంగా మార్చి కనిపెట్టిన ఆకారాల్లో) ఆ అమరికలు నిజంగానే కనిపించాయి. ఇరుకు గాడిలో పరిస్థితి వేరు. అక్కడి నుంచి చూస్తే ఎ-టి జతకూ టి-ఎ జతకూ తేడా దాదాపు తెలియదు. అక్కడికి వెళ్లే ప్రోటీన్ అక్షరాల కంటే గాడి ఆకారాన్నే ఎక్కువగా పట్టించుకుంటుంది. ఎ, టి అక్షరాలు వరసగా ఉన్నచోట ఆ గాడి మరింత ఇరుకవుతుంది. ఇరుకైన కొద్దీ దాని రుణావేశం గాఢమవుతుంది. ధనావేశం ఉన్న అర్జినిన్ అక్కడికి చేరుకుంటుంది. ప్రోటీన్లలో ఈ ఎంపిక విస్తృతంగా జరుగుతుందని 2009లో చాలా నిర్మాణాలను కలిపి చూసి చూపించారు.

హెచ్‌ఎన్‌ఎఫ్1బి నిర్మాణాన్ని ఈ వెలుగులో చూడాలి. దాని మొదట్లో రెండు అణువులను జతకట్టించే భాగం ఉంటుంది. ఆ తర్వాత డీఎన్ఏను పట్టే పీఓయూ-స్పెసిఫిక్ అనే భాగం, దానికి ఒక తాడు లాంటి వంతెన, ఆపైన సుమారు 60 అమైనో ఆమ్లాల మామూలు హోమియోడొమైన్ కంటే కొంచెం పెద్దదైన హోమియోడొమైన్. దీని రెండో, మూడో హెలిక్సుల (స్ప్రింగులా మెలి తిరిగిన ముక్కల) మధ్య మిగిలిన హోమియోడొమైన్లలో లేని అదనపు మలుపు ఉంది. చివరన జన్యువును మేల్కొల్పే భాగం. ఇది వెతికే చిరునామా జీటీటీఏఏటీ-ఎన్-ఏటీటీఏఏసీ అనే 13 అక్షరాల వరస (ఎన్ అంటే ఏ అక్షరమైనా). మధ్య అక్షరానికి అటూ ఇటూ ఒకదానికొకటి అద్దంలా ఉంటాయి, ఒక్కో సగం మీద ఒక్కో అణువు కూర్చుంటుంది. జతగా కూర్చోవడం వల్ల ఏ ఒక్కటి విడిగా పట్టుకోలేనంత గట్టిగా పట్టుకోగలుగుతాయి. హోమియోడొమైన్ మూడో హెలిక్స్ వెడల్పు గాడిలోకి దిగి అక్షరాలు చదువుతుంది. దాని ఆరంభంలో ఉన్న సన్నని చేయి మాత్రం డీఎన్ఏను చుట్టి అవతలి వైపునున్న ఇరుకు గాడిలోకి దూరుతుంది. దీని అన్న వరస ప్రోటీన్ హెచ్‌ఎన్‌ఎఫ్1ఎ డీఎన్ఏతో కలిసి ఉన్న స్ఫటిక నిర్మాణం 2002లో, హెచ్‌ఎన్‌ఎఫ్1బిది 2007లో వచ్చాయి. రెండింటిలోనూ పట్టు తీరు ఒకటే.

మా రోగిలో మారిన అర్జినిన్ ఆ చేతిలోది.

ఇప్పుడు కంప్యూటర్ అంచనా ఎందుకు "స్వల్పం" అందో అర్థమవుతుంది. స్థిరత్వాన్ని లెక్కగట్టే పద్ధతి ప్రోటీన్‌ను ఒంటరిగా తీసుకుంటుంది. డీఎన్ఏ పక్కన లేనప్పుడు ఈ చేయికి స్థిరమైన ఆకారమే లేదు. అటూ ఇటూ ఊగే తోక. ప్రోటీన్ల ఆకారాన్ని కంప్యూటర్‌తో అంచనా వేసి, 2021లో అందరికీ తెరిచిన ఆల్ఫాఫోల్డ్ పట్టికలో కూడా ప్రోటీన్ ఒక్కటే ఉంటుంది. అక్కడ హెలిక్సులు ముదురు నీలంలో నిబ్బరంగా కనిపిస్తే, చేయి భాగం నమ్మకం తక్కువని చెప్పే పసుపు, నారింజ రంగుల్లో వేలాడుతుంది. ఊగే తోకలో ఒక అమైనో ఆమ్లం మారితే ప్రోటీన్ మడతకు నష్టమేమీ లేదు, లెక్క ఆ మేరకు సరైనదే. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మోకును నేల మీద పడేసి పరీక్షిస్తే వదులు తాడులాగే ఉంటుంది. అది చేసే పని చెట్టు చుట్టూ వేసినప్పుడే తెలుస్తుంది. ఈ అర్జినిన్ సంగతీ అంతే. స్ఫటిక చిత్రాన్ని తెర మీద తిప్పి ఇరుకు గాడి వైపు నుంచి చూస్తే, దాని కొసన ఉన్న చదునైన ధనావేశ గుంపు టి అక్షరం ఆక్సిజన్ వైపు దూరి ఉండడం కనిపిస్తుంది. అక్కడ ఆవేశం లేని అమైనో ఆమ్లాన్ని పెడితే మూడో హెలిక్స్ అక్షరాలను చదవడం మానదు గానీ పట్టు సడలుతుంది.

దీనికి రెండు వైపుల నుంచి బలం దొరికింది. చేతిలోని ఈ అర్జినిన్ హోమియోడొమైన్ల కుటుంబమంతటా, ఈగ నుంచి మనిషి దాకా, చాలావరకు మారకుండా ఉంది. హెచ్‌ఎన్‌ఎఫ్1ఎలో సరిగ్గా అదే చోటున్న అర్జినిన్ మారిన కుటుంబాల్లో చిన్న వయసు మధుమేహం నమోదై ఉంది. నిర్మాణం ఒకటే, డీఎన్ఏ చిరునామా ఒకటే అయినప్పుడు, అన్న దగ్గర పట్టు తప్పించిన మార్పు తమ్ముడి దగ్గర తప్పించదనుకోవడానికి కారణం కావాలి.

ఇదే డొమైన్‌లో పడిన ప్రతి మార్పునూ ఇలా అనుమానించడం సరికాదని కూడా చెప్పాలి. హెచ్‌ఎన్‌ఎఫ్1ఎలో 98వ స్థానంలో అలనిన్ బదులు వాలిన్ ఉండే మార్పు డీఎన్ఏను పట్టే భాగం మొదట్లోనే పడుతుంది, అయినా ఆరోగ్యవంతుల్లో కూడా తరచుగా కనిపిస్తుంది. డొమైన్ పేరు చూసి తీర్పు చెప్పలేం. ఆ అమైనో ఆమ్లం డీఎన్ఏను తాకుతోందా, లోపలి మడతను పట్టి ఉంచుతోందా, లేక బయట ఊరికే ఉందా అన్నది విడిగా చూడాలి.

పట్టు సడలితే మెగ్నీషియం ఎందుకు పోతుందన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబుంది. కిడ్నీ దూరపు గొట్టంలో ఎఫ్‌ఎక్స్‌వైడీ2 అనే జన్యువు ముందర హెచ్‌ఎన్‌ఎఫ్1బి చిరునామా ఉంది. ఆ జన్యువు తయారుచేసేది సోడియం-పొటాషియం పంపులో ఒక భాగం. అది తగ్గితే మెగ్నీషియాన్ని వెనక్కి లాగే బలం తగ్గుతుంది. బుడగలతో సంబంధమున్న పీకేహెచ్‌డీ1, గొట్టాల జబ్బుతో సంబంధమున్న యూమోడ్ అనే జన్యువులు కూడా ఇదే ప్రోటీన్ ఏలుబడిలోవే. రెండు ప్రతుల్లో ఒకటి చెడితే సరిపోతుంది కాబట్టి జబ్బు తరం తర్వాత తరానికి నేరుగా దిగుతుంది.

కుటుంబం

నిర్మాణం నుంచి వచ్చిన తర్కం ఎంత బలమైనదైనా రుజువు కాదు. మార్పు జబ్బుతో పాటు కుటుంబంలో ప్రయాణిస్తోందా అన్నది చూడాలి. తండ్రి నమూనా లేదు. తల్లి పరీక్షకు ఒప్పుకుంది, తనకేమీ లేదన్న ధీమాతో. మార్పు ఆమెలో ఉంది.

ఆమె ఇంటి నుంచి తెచ్చిన కాగితాలు ఒక మెడికల్ షాపు ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి: భర్త డయాలసిస్ పుస్తకం, పింఛను కాగితం, రేషన్ కార్డు జిరాక్సు, వాటి మధ్య మడతల దగ్గర చిరిగిన ఒక సిజేరియన్ డిశ్చార్జి చీటీ. దాని మీద కార్బన్ కాపీ వెలిసిపోగా మిగిలిన నీలి రాతలో గర్భాశయం రెండు కొమ్ములుగా ఉందని ఒక వాక్యం ఉంది. కాన్పు చేసిన వైద్యులు చూసి రాసిన ఆ వాక్యాన్ని ఆమెకు ఎవరూ వివరించలేదు, వివరించాల్సిన అవసరం అప్పుడు కనబడి ఉండదు. పిండదశలో గర్భాశయం ఏర్పడటానికి కూడా హెచ్‌ఎన్‌ఎఫ్1బి కావాలి. అది తగ్గితే ఈ ఆకారం రావచ్చు. ఆమెకు చక్కెర హద్దులో ఉంది, యూరిక్ ఆమ్లం ఎక్కువ, మెగ్నీషియం 1.5, క్రియాటినిన్ మాత్రం ఇంకా మామూలే. ఆమె తమ్ముడికి యూరిక్ ఆమ్లం పెరిగితే వచ్చే కాలి బొటనవేలి వాపు ఏళ్లుగా వస్తోంది. అతని క్రియాటినిన్ కూడా పెరిగి ఉంది. అతనిలోనూ మార్పు ఉంది. యువకుడి అక్కకు మార్పు లేదు, పరీక్షలన్నీ మామూలు.

జబ్బు తండ్రి వైపు నుంచి వచ్చిందని ఇల్లంతా నమ్మిన చోట అది తల్లి వైపు నుంచి వచ్చింది. తండ్రిది ఉద్దానం జబ్బే అయి ఉండవచ్చు. రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదన్న నియమం లేదు.

ఈ వివరాలన్నీ కలిపి ల్యాబ్‌కు రాశాం: డీఎన్ఏను నేరుగా తాకే స్థానం, ఈ జన్యువుకే ప్రత్యేకమైన లక్షణాల సమూహం, ముగ్గురిలో జబ్బుతో పాటు కనిపించడం, ప్రపంచ జనాభా పట్టికల్లో ఈ మార్పు లేకపోవడం. చివరి దాన్ని నేను తేలిగ్గానే తీసుకున్నాను. ఆ పట్టికల్లో మన ప్రాంతపు జనం పలచగా ఉంటారు. బంధువుల్లోనే పెళ్లిళ్లు చేసుకునే చోట, ప్రపంచంలో లేని మార్పు పక్క ఊళ్లో మామూలుగా ఉండవచ్చు. 2015 నాటి వర్గీకరణ నియమాల ప్రకారం రెండు మధ్యస్థ ఆధారాలు, రెండు సహాయక ఆధారాలు కూడితే ల్యాబ్ "జబ్బుకు కారణం కావచ్చు" అన్న వర్గంలోకి మార్చగలదు. మార్చింది.

ఏది పనిచేసింది

గ్లిమెపిరైడ్ ఆపి ఇన్సులిన్ పెట్టాం. ఇక్కడ అన్నదమ్ముల తేడా గుర్తుపెట్టుకోవాలి: హెచ్‌ఎన్‌ఎఫ్1ఎ మధుమేహం తక్కువ మోతాదు సల్ఫొనైల్‌యూరియాలకే (గ్లిమెపిరైడ్ తరహా మందులకే) చక్కగా లొంగుతుంది, హెచ్‌ఎన్‌ఎఫ్1బి అలా లొంగదు, ఎందుకంటే ఇక్కడ క్లోమం పరిమాణమే చాలదు, పైగా కాలేయం ఇన్సులిన్ మాట వినదు. ఒకే చిరునామా చదివే రెండు ప్రోటీన్లు ఏ అవయవంలో ఎప్పుడు పనిచేస్తాయన్న దాన్ని బట్టి మందు మారిపోతుంది. రాత్రి ఇన్సులిన్‌తో మొదలుపెట్టి భోజనాల ముందు కూడా చేర్చాక హెచ్‌బీఏ1సీ 7.2కు వచ్చింది. కిడ్నీకి మేలు చేసే, మెగ్నీషియాన్ని కూడా కొంత పెంచే గ్లిఫ్లోజిన్ అనే చక్కెర మందుల గురించి ఆలోచించాం గానీ, బక్కగా ఉండి సొంత ఇన్సులిన్ తక్కువగా ఉన్నవారిలో కీటోన్లు పేరుకునే భయం ఉంది కాబట్టి వద్దనుకున్నాం. మెగ్నీషియాన్ని చిన్న మోతాదులుగా విడగొట్టి, రోజంతా పంచి ఇస్తే కడుపు ఓర్చుకుంది, 1.5 దగ్గర నిలిచింది, పిక్కలు పట్టేయడం తగ్గింది. అంకెను 1.7కు తీసుకెళ్లాలని పట్టుబట్టలేదు. పారబోసే కిడ్నీలో ఎక్కువ పోస్తే ఎక్కువ పారబోస్తుంది. యూరిక్ ఆమ్లానికి అల్లోప్యూరినాల్ తక్కువ మోతాదుతో మొదలైంది. క్రియాటినిన్ అప్పటి నుంచి పెద్దగా కదలలేదు, అయితే ఈ జబ్బు మెల్లగానే నడుస్తుంది కాబట్టి దాన్ని చికిత్స ఘనతగా రాయలేను.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది మందు కాదు. "రేపు అవసరమైతే నా కిడ్నీ ఇచ్చేస్తాను" అని తల్లి మొదటి రోజు నుంచి చెబుతోంది. క్రియాటినిన్ మామూలుగా ఉంది కాబట్టి ప్రాథమిక పరీక్షల్లో ఆమె తగిన దాతగానే కనిపించేది. ఇప్పుడు ఆ దారి మూసేశాం. అక్కకు మార్పు లేదు కాబట్టి, ఆమె ఇష్టపడితే, ఆమెను పరీక్షించవచ్చు. కిడ్నీ మార్పిడి రోజు వస్తే, కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ చక్కెరనూ మెగ్నీషియాన్నీ మరింత కుదిపేస్తుందని ఫైల్లో మొదటి పేజీలోనే రాసి ఉంచాం.

పాఠాలు

ఉద్దానం నుంచి వచ్చే వారందరికీ జన్యు పరీక్ష చేయించాలని ఈ కేసు చెప్పడం లేదు. అత్యధికులకు అది అవసరం లేదు, ఖర్చూ దండగ. నేను మార్చుకున్నది చిన్న అలవాటు. ముప్పై ఏళ్ల లోపు వయసులో క్రియాటినిన్ పెరిగిన ప్రతి ఒక్కరికీ మెగ్నీషియం, యూరిక్ ఆమ్లం, చక్కెర కలిపి రాస్తున్నాను. మెగ్నీషియం తక్కువైతే గ్యాస్ మాత్ర ఆపి మళ్లీ చూస్తున్నాను. అప్పటికీ తక్కువైతే మూత్రంలో వాటా లెక్క. ఆడవారిలో పాత కాన్పు చీటీలు అడుగుతున్నాను. కుటుంబ చరిత్ర రాసేటప్పుడు జబ్బు వచ్చిన వైపే కాదు, రాలేదని చెప్పిన వైపు కూడా అడగాలి.

జన్యు నివేదికల విషయంలో, అంచనా స్కోరు చూసినప్పుడు ఆ లెక్క ప్రోటీన్‌ను ఒంటరిగా చూసి చేసిందా, డీఎన్ఏతో కలిపి చూసి చేసిందా అని ల్యాబ్‌ను అడగడం మొదలుపెట్టాను. 2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ 3 డీఎన్ఏను కూడా కలిపి చూపగలదు గానీ, స్ఫటిక నిర్మాణం ఉన్న ప్రోటీన్ విషయంలో ముందు దాన్నే తెరవాలి. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లలో ఎక్కువ పని చేసే భాగాలు చాలాసార్లు డీఎన్ఏ తగిలాకే ఆకారం తెచ్చుకుంటాయి. వాటిలోని మార్పులు ఒంటరి లెక్కలో నిరపాయంగా కనిపించే అవకాశం ఎక్కువ.

మిగిలిన విషయం

యువకుడికి మేనమామ కూతురుతో సంబంధం చిన్నప్పుడే అనుకున్నారు. మేనమామలో మార్పు ఉందని తేలాక ఇది మా గదిలోకి వచ్చింది. ఆ అమ్మాయిలో మార్పు ఉండే అవకాశం సగం. ఉంటే, పుట్టే బిడ్డకు రెండు ప్రతులూ మారినవే రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ఈ జన్యువు రెండు ప్రతులూ పూర్తిగా లేని ఎలుక పిండాలు గర్భంలో తొలిదశలోనే ఆగిపోతాయి. పట్టు సడలిన ప్రతులు రెండు ఉంటే ఏమవుతుందన్నది అంత సూటిగా చెప్పగలిగేది కాదు గానీ, తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. అమ్మాయిలో మార్పు లేకపోతే బిడ్డకు ఒక ప్రతి వచ్చే అవకాశం సగం. అది ఈ యువకుడు ఎవరిని చేసుకున్నా ఉండేదే.

పెద్దలు ఇద్దరూ ఒకే మాట అడిగారు, చేయమంటారా వద్దంటారా అని. అది మేం చెప్పే విషయం కాదని, పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది అమ్మాయి ఇష్టమని, ఫలితం ఆమెకు తప్ప ఇంకెవరికీ ఇవ్వమని చెప్పి, ఆమెతో ఒంటరిగా మాట్లాడటానికి సమయం ఇచ్చాం. ఆమె వచ్చింది, అన్నీ అడిగి తెలుసుకుంది, రక్తం ఇచ్చింది. నివేదిక ఆమె చేతికే ఇచ్చాం. అందులో ఏముందన్నది ఆమె సంగతి, ఈ కేసు నివేదికలో చేర్చాల్సింది కాదు.